పరిశోధక బృందంలో మాటా మంతీ: అపోహలు - వాస్తవాలు

అపోహ: ల్యాబ్ మీటింగ్‌లో ఎవరూ నోరెత్తలేదంటే అంతా సవ్యంగా ఉన్నట్టే.

వాస్తవం: చాలాసార్లు అది భయం. కణాలను ఫ్లాస్కుల్లో పెంచే సెల్ కల్చర్ ల్యాబ్‌నే తీసుకోండి. మైకోప్లాస్మా అనే అతిచిన్న బ్యాక్టీరియా సోకినా మీడియం (కణాలు పెరిగే ద్రవం) మబ్బుగా మారదు, మామూలు మైక్రోస్కోపులో కనపడదు, దానికి కణకవచం లేదు కాబట్టి పెన్సిలిన్ పనిచేయదు. జూనియర్‌కు అనుమానం వచ్చిన రోజే చెబితే ఆ ఫ్లాస్కులు పారేసి, ఇంక్యుబేటర్ శుభ్రం చేసి, మిగతా కల్చర్లకు పీసీఆర్ పరీక్ష చేసుకోవచ్చు. తిడతారని రెండు నెలలు దాస్తే అందరి డేటా మీదా నీడ పడుతుంది. బృందాల పనితీరును అధ్యయనం చేసే పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ 1990లలో ఆసుపత్రి బృందాలను పరిశీలిస్తే, మంచి బృందాల్లోనే మందుల పొరపాట్లు ఎక్కువ నమోదై కనిపించాయి. అక్కడివాళ్లు వాటిని దాచకుండా చెప్పుకుంటున్నారన్నది ఆమె ఇచ్చిన వివరణ.

అందుకే మీటింగ్‌లో మొదటి పది నిమిషాలు ‘ఈ వారం ఏం చెడిపోయింది?’ అన్నదానికే ఉంచండి. ముందు గైడ్ తన సంగతి చెప్పాలి. అభిప్రాయాలు అడిగేటప్పుడు మాత్రం వరుస తిరగేయండి; గైడ్ తేల్చేశాక జూనియర్ వేరే మాట అనడు. చెడు కబురు వినగానే ‘ఎవరు చేశారు?’ అనకండి. ‘ఎప్పుడు గమనించావు? కల్చర్‌కు ఏ లాట్ (తయారీ విడత) సీరం వాడావు?’ అని అడగండి.

అపోహ: సహానుభూతి చూపిస్తే ప్రమాణాలు పడిపోతాయి.

వాస్తవం: ‘డ్రాఫ్ట్ ఏం బాలేదు’ అంటే మనసు నొచ్చుకుంటుంది, డ్రాఫ్ట్ మాత్రం మెరుగుపడదు. ‘రెండో బొమ్మలో పోల్చి చూడ్డానికి కంట్రోల్ లేదు, మూడో పేరా ఫలితాన్ని మించి చెబుతోంది’ అంటే స్కాలర్ సాయంత్రానికి దిద్దుకొస్తాడు. గట్టిగా చెప్పడమంటే ఇదే. రెండు వారాలకోసారి ఒక్కొక్కరితో అరగంట విడిగా కూర్చోండి. ఫెలోషిప్ నెలల తరబడి రాక అద్దె బాకీపడ్డ మనిషిని ముందు గ్రాఫుల గురించి అడగడం భావ్యం కాదు.

అపోహ: రచయితల పేర్ల వరుస పేపర్ రాశాక చూసుకోవచ్చు.

వాస్తవం: తగాదాలు ఎక్కువగా పుట్టేది ఇక్కడే, అదీ చేసినవాళ్లలో ఒకరు ల్యాబ్ వదిలి వెళ్లాక. పేపర్‌లో ఎవరు ఏ పని చేశారో చెప్పే క్రెడిట్ (CRediT) పట్టికలో 14 పాత్రలున్నాయి: ఆలోచన, ప్రయోగం, విశ్లేషణ, తొలి డ్రాఫ్ట్ వగైరా. ప్రాజెక్టు మొదలైనప్పుడే దాన్ని అందరి ముందూ నింపండి. కొత్త ప్రయోగం చేరినా, మనిషి మారినా మళ్లీ తీయండి.

అపోహ: గైడ్‌తో పొసగకపోతే చెప్పుకునే చోటే లేదు.

వాస్తవం: యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం స్కాలర్ ప్రతి సెమిస్టర్ పరిశోధన సలహా కమిటీ ముందు హాజరు కావాలి. ఫలితాలతో పాటు అడ్డంకులు కూడా రాసివ్వండి: ఏ పరికరం ఎన్ని వారాలు పనిచేయలేదు, ఏ డ్రాఫ్ట్ ఏ తేదీ నుంచి గైడ్ దగ్గర ఉంది. తేదీలతో రాసింది ఫిర్యాదులా వినిపించదు, కమిటీకీ చర్య తీసుకోవడం తేలికవుతుంది.