హై రిజల్యూషన్ పాటలు కంప్యూటర్లో వినాలంటే ఏ ప్లేయర్?

సీడీలో ఒక్క సెకను సంగీతం అంటే ఒక్కో చానల్‌కు 44,100 అంకెలు. ఒక్కో అంకె 16 బిట్‌లు. 1982లో సీడీ మార్కెట్లోకి వచ్చిన నాటి నుంచి ఈ లెక్క మారలేదు. ఇప్పుడు హై రిజల్యూషన్ పేరుతో కొంటున్న ఫైళ్లలో సెకనుకు 96,000 లేదా 1,92,000 అంకెలు, ఒక్కోటి 24 బిట్‌లతో ఉంటాయి. ఆ ఫైలును విప్పి, వరస తప్పకుండా డాక్‌కి అందించడమే ప్లేయర్ సాఫ్ట్‌వేర్ పని. అంకెలను విద్యుత్ తరంగంగా మార్చే పెట్టెను డాక్ అంటాం. లాప్‌టాప్ లోపల చిన్న చిప్పుగా ఉన్నా, యూఎస్‌బీకి తగిలించే విడి పెట్టె అయినా, సౌండ్ తయారయ్యేది అక్కడే.

విశాఖలో పాటల మీద ప్రేమ ఉన్నవాళ్లు డాక్ కొన్నాక మొదట అడిగే ప్రశ్న ఒకటే: "ఏ ప్లేయర్లో సౌండ్ బాగుంటుంది?" దీన్ని కొలిచి తేల్చవచ్చు. రెండు ప్లేయర్లు ఒకే ఫైలును పాడుతున్నప్పుడు బయటికి వెళ్లే డిజిటల్ అంకెలను రికార్డు చేసి, ఒకదాన్నుంచి ఇంకోదాన్ని తీసేయండి. అంతా సున్నా వస్తే రెండూ డాక్‌కి ఒకే సరుకు ఇచ్చాయని అర్థం. ఆ తర్వాత ఒకదాంట్లో వీణ మరింత తియ్యగా వినిపించిందని ఎవరైనా అంటే, చాలాసార్లు అక్కడ వాల్యూమ్ తేడా ఉంటుంది. అర డెసిబెల్ పెరిగినా మన చెవి దాన్ని గట్టిదనంగా గుర్తించదు, నాణ్యతగా లెక్కేస్తుంది.

సున్నా రాకపోతే? అప్పుడు మధ్యలో ఎవరో అంకెలను మార్చారు. ఆ పని చేసేది ఎక్కువగా ప్లేయర్ కాదు, ఆపరేటింగ్ సిస్టమ్. విండోస్‌లో పాట, వాట్సాప్ టింగుమనే చప్పుడు, బ్రౌజర్లో వీడియో అన్నీ ఒక మిక్సర్లో కలుస్తాయి. కలవాలంటే అన్నీ ఒకే రేటులో ఉండాలి కాబట్టి విండోస్ ప్రతిదాన్నీ సెట్టింగ్స్‌లో ఉన్న రేటుకు మార్చేస్తుంది. చాలా కంప్యూటర్లలో అది 48,000. అంటే 96,000 ఫైలు కొన్నా డాక్‌కి చేరేది అందులో సగం. డాక్ మీద రేటు చూపించే డిస్‌ప్లేనో రంగు లైటో ఉంటే అది కళ్లముందే కనిపిస్తుంది. సీడీ రేటు పాటకైతే పని ఇంకా చిక్కు. 44,100కీ 48,000కీ నిష్పత్తి 147:160. అందువల్ల దాదాపు ప్రతి అంకెనూ మళ్లీ కొత్తగా లెక్కకట్టాలి. నేటి సాఫ్ట్‌వేర్లు ఈ లెక్క చాలా బాగా చేస్తాయి, తేడా చెవికి దొరకడం కష్టం. కానీ డబ్బు పెట్టి కొన్న ఫైలు ఉన్నది ఉన్నట్టు డాక్‌కి చేరాలని కోరుకోవడం న్యాయమే. పైగా ఆ సెట్టింగ్ ఒక్కసారి చేస్తే చాలు.

దానికి దారి ఎక్స్‌క్లూజివ్ మోడ్. మిక్సర్‌ను పక్కనపెట్టి డాక్‌ని నేరుగా తన చేతిలోకి తీసుకునే వీలును ప్లేయర్‌కు, వసాపి అనే పద్ధతిలో, విండోస్ తన విస్టా వెర్షన్ కాలం నుంచీ ఇస్తోంది. స్టైన్‌బర్గ్ కంపెనీ స్టూడియోల కోసం తెచ్చిన ఆసియో కూడా ఇదే పని చేస్తుంది. 2002 నుంచీ ఉచితంగా దొరుకుతున్న ఫూబార్2000 అనే ప్లేయర్లో ఔట్‌పుట్ జాబితా తెరిచి, డాక్ పేరు పక్కన ఎక్స్‌క్లూజివ్ అని ఉన్నదాన్ని ఎంచుకుంటే సరిపోతుంది. మ్యాక్‌లో ఆడియో మిడి సెటప్ అనే చిన్న యాప్‌లో డాక్ ఏ రేటులో నడుస్తోందో కనిపిస్తుంది, అక్కడే మార్చుకోవచ్చు. పాట పాటకీ మార్చే ఓపిక లేకపోతే ఆడిర్వానా లాంటి ప్లేయర్లు ఆ పని తామే చేస్తాయి. లినక్స్‌లో అయితే స్ట్రాబెర్రీ, డెడ్‌బీఫ్ ప్లేయర్ల నుంచి లినక్స్ సౌండ్ వ్యవస్థ అయిన ఆల్సా ద్వారా నేరుగా పంపవచ్చు. రాస్‌ప్బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు మీద ఎంపీడీ అనే ప్లేయర్ నడిపించి, ఫోన్ నుంచి పాటలు మార్చుకునేవాళ్లూ ఉన్నారు. తక్కువ ఖర్చు, చప్పుడు చేసే ఫ్యానూ ఉండదు. నాకు బాగా నచ్చే పద్ధతి ఇదే. ఇంత జాగ్రత్తా పడి చివర్లో బ్లూటూత్ హెడ్‌ఫోన్ పెడితే మాత్రం లాభం లేదు. బ్లూటూత్‌లో పాటను కుదించి పంపే ఎల్‌డ్యాక్ పద్ధతి కూడా సెకనుకు 990 కిలోబిట్‌ల దగ్గర ఆగుతుంది, సీడీకే 1,411 కావాలి.

ఇప్పుడు అసలు ఆ ఎక్కువ అంకెల వల్ల ఏం వస్తుంది? తరంగంలోని అత్యధిక పౌనఃపున్యానికి రెట్టింపు కంటే ఎక్కువ వేగంతో కొలతలు తీసుకుంటే ఆ తరంగాన్ని పూర్తిగా తిరిగి కట్టవచ్చని నైక్విస్ట్, షానన్ సిద్ధాంతం చెబుతుంది. మనిషి చెవికి పైహద్దు దాదాపు 20,000 హెర్ట్జ్, అదీ కుర్రతనంలో. 44,100 దానికి సరిపోతుంది. బిట్ల సంగతి: ఒక్కో బిట్ సుమారు 6 డెసిబెళ్లు. అంటే అతి మెల్లని శబ్దం నుంచి అతి గట్టి శబ్దం దాకా 16 బిట్‌లకు 96, 24 బిట్‌లకు 144 డెసిబెళ్ల వ్యాప్తి. విశాఖలో మే నెల ఉక్కపోతలో ఫ్యాన్ ఆపి పాట వినలేం. ఫ్యాన్ తిరిగే గదిలో 40 డెసిబెళ్ల చప్పుడు మామూలే, బీచ్ రోడ్డు వైపు కిటికీ తీస్తే ఇంకా ఎక్కువ. పాట గట్టి చోట 95 డెసిబెళ్లకు వెళ్లినా మనకు దక్కేది 55 డెసిబెళ్ల వ్యాప్తి. 16 బిట్‌లలోనే దానికి బోలెడంత చోటుంది.

పరిశోధనలూ దాదాపు అదే అంటాయి. 2007లో మేయర్, మోరన్ చేసిన పరీక్షలో హై రిజల్యూషన్ సంగీతాన్ని మధ్యలో సీడీ స్థాయికి దించి వినిపించారు. 554 సార్లు అడిగితే సరైన జవాబులు సగం దగ్గరే ఉన్నాయి, గుడ్డిగా చెప్పినా అన్నే వస్తాయి. 2016లో జాషువా రీస్ 18 అధ్యయనాలను కలిపి లెక్కకట్టి, సరైన జవాబులు 52.3 శాతమని తేల్చారు. తేడా ఉంది, కానీ చాలా చిన్నది. నా ఉద్దేశంలో 24 బిట్‌ల అసలు ఉపయోగం రికార్డు చేసేటప్పుడూ, కంప్యూటర్లోనే వాల్యూమ్ తగ్గించేటప్పుడూ ఉంది. 16 బిట్‌ల పాటను 24 బిట్‌ల డాక్‌కి పంపితే కింద 8 బిట్‌లు, అంటే 48 డెసిబెళ్లు ఖాళీగా ఉంటాయి. వాల్యూమ్ అంతవరకూ దించినా పాటలోది ఏదీ పోదు.

కొన్న ఫైలును ఒకసారి స్పెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరవండి. పాటలో ఏ పౌనఃపున్యాలు ఉన్నాయో అది బొమ్మగా చూపిస్తుంది. 96,000 రేటు ఫైల్లో బొమ్మ 22,000 హెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోతే, అది సీడీ ఫైలునే సాగదీసినది కావచ్చు. పాత రికార్డింగుల విషయంలో ఇంకో జాగ్రత్త. విజయనగరం సంగీత కళాశాలలో పాఠాలు చెప్పిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్‌ను 78 ఆర్‌పీఎం రికార్డు నుంచి 1,92,000 రేటుతో ఎక్కించినా, పై పౌనఃపున్యాల్లో పెరిగేది రికార్డు మీది గీతల చరచర. ఆయన కమానులోని ఆ నాదమంతా కింది పౌనఃపున్యాల్లోనే ఉంది.

ఈ రికార్డుల దగ్గరే ప్లేయర్ ఎంపిక నిజంగా మొదలవుతుందని నేను అనుకుంటాను. విశాఖ ఇళ్లలో ఆకాశవాణి నుంచి ఎక్కించుకున్న క్యాసెట్లు, కళాభారతి కచేరీల రికార్డింగులు బీరువాల్లో ఇంకా ఉన్నాయి. సముద్రపు తేమకు టేపు పాడవకముందే వాటిని ఫ్లాక్ ఫైళ్లుగా మార్చుకోవాలి. 2001లో జాష్ కోల్సన్ తెచ్చిన ఫ్లాక్, ఒక్క అంకె కూడా పోగొట్టకుండా ఫైలును చాలాసార్లు సగం దాకా కుదిస్తుంది. అసలు అంకెల మీద లెక్కకట్టిన ఒక గుర్తును ఫైలు మొదట్లో దాచుకుంటుంది కాబట్టి, పదేళ్ల తర్వాత ఫైలు చెడిందో లేదో నిమిషంలో పరీక్షించవచ్చు.

కానీ మన సంగీతం సర్దుకునే తీరు వేరు. చాలా ప్లేయర్లు గాయకుడు, ఆల్బమ్, పాట అనే మూడు అరల్లోనే ఆలోచిస్తాయి. కచేరీకి రాగం కావాలి, తాళం కావాలి, వాగ్గేయకారుడు, వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు, ఏ సభ, ఏ సంవత్సరం అన్నీ కావాలి. సినిమా పాటకు రచయిత, సంగీత దర్శకుడు లేకపోతే వెతకడం ఎలా? ఫ్లాక్‌లో మనకు నచ్చినన్ని అరలు, అంటే ట్యాగులు, పెట్టుకోవచ్చు. అర పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో ఉండాలి, లోపల రాసేది మాత్రం హాయిగా తెలుగులో రాయవచ్చు. ఈ సొంత అరలను చూపించి, వాటిమీద వెతకనిచ్చే ప్లేయర్లే మనకు పనికొస్తాయి. ఫూబార్2000, డబ్బులిచ్చి కొనే జేరివర్ మీడియా సెంటర్ ఇందులో గట్టివి. రూన్ చాలా అందంగా ఉంటుంది, కళాకారుల వివరాలన్నీ నెట్ నుంచి తానే తెస్తుంది. అయితే ఇంట్లో క్యాసెట్ నుంచి తీసిన కచేరీ ఏ డేటాబేసులోనూ ఉండదు కదా. ఆ వివరాలు ఇంట్లో పెద్దవాళ్లకే తెలుసు. వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని రాసుకోవాలి, అదీ త్వరగా.

రెండు మాటలు గుర్తుంచుకోండి. రాగం తానం పల్లవి మూడు ట్రాకులుగా ఉంటే మధ్యలో క్షణం కూడా ఆగకుండా సాగాలి, గ్యాప్‌లెస్ లేని ప్లేయర్‌ను ముట్టుకోవద్దు. అన్ని కాలాల సినిమా పాటలూ కలిపి వినేటప్పుడు ఒకటి గట్టిగా, ఒకటి మెల్లగా రాకుండా రీప్లేగెయిన్ సరిచేస్తుంది. అది ఫైల్లోని పాటను ముట్టుకోదు, పాడేటప్పుడు మాత్రమే స్థాయి మారుస్తుంది.

డబ్బులిచ్చి కొనే ప్లేయర్లకు సాధారణంగా కొన్నాళ్ల ఉచిత ట్రయల్ ఉంటుంది. ముందు మీ ఫైళ్లలో కొన్నింటికి వివరాలు పూర్తిగా రాసి ఎక్కించండి. ఒక రాగం పేరు, ఒక మృదంగ విద్వాంసుడి పేరు కలిపి తెలుగులో కొట్టి చూడండి. సరైన కచేరీలు వరసగా వచ్చి, ప్లే నొక్కగానే డాక్ మీద ఫైలు రేటే కనిపిస్తే ఆ ప్లేయర్ తీసుకోవచ్చు.