రాత్రి మూడింటికి పన్ను ఎందుకు సలుపుతుంది?

జ్ఞానదంతం తీయించుకున్నాక పగలు ఎలాగోలా గడిచిపోతుంది. పడుకోగానే దవడ సలపడం మొదలవుతుంది. కొంతవరకు అది పడుకోవడం వల్లే. తల వాలిస్తే అటువైపు రక్తం ఎక్కువ చేరి, వాచిన చోట ఒత్తిడి పెరుగుతుంది. రెండు దిండ్లు పెట్టుకోమని డాక్టర్లు చెప్పేది అందుకే.

నొప్పికీ వేళకీ నేరుగా సంబంధం ఉందా? ఫ్రాన్స్‌లోని లియోన్ పరిశోధకులు 12 మంది మగవాళ్లను 34 గంటల పాటు మసక వెలుతురులో, ఒకే భంగిమలో, నిద్రపోనివ్వకుండా ఉంచి, మధ్యమధ్య ముంజేతికి వేడి తగిలించి చూశారు. ఫలితాలు 2022లో వచ్చాయి. నొప్పి బాగా తెలిసింది తెల్లవారుజామున మూడు ప్రాంతంలో, తక్కువగా తెలిసింది మధ్యాహ్నం మూడు దాటాక. మెలకువ వల్ల పెరిగిన బాధ ఇందులో కొంతే, పెద్ద వాటా ఒంట్లోని గడియారానిదే.

ఆ గడియారం మెదడులో, కంటినరాలు కలిసే చోటికి కాస్త పైన ఉన్న సుమారు 20,000 నాడీకణాల గుంపు. దాని లయకు తగ్గట్టే కార్టిసాల్ అనే హార్మోన్ పొద్దున లేచే వేళకు బాగా పెరిగి, అర్ధరాత్రికి అడుగంటుతుంది. దీన్ని టెన్షన్ హార్మోన్ అని తిట్టుకుంటాం గానీ, వాపును అణిచే పనీ దీనిదే. డాక్టర్లు రాసే స్టెరాయిడ్లు దీన్ని పోలినవే. రాత్రి ఇది తగ్గితే వాపుకు పగ్గం వదులవుతుంది.

చీకటి పడ్డాక, ఒంటిని నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ అనే హార్మోన్ వస్తుంది. 1958లో యేల్ విశ్వవిద్యాలయంలో ఆరన్ లెర్నర్ బృందం పశువుల మెదడులోని పీనియల్ గ్రంథుల నుంచి దీన్ని వేరుచేసింది. వెలుతురు పడితే ఇది తగ్గుతుంది. నొప్పితో నిద్రపట్టక ఫోన్ చూస్తూ కూర్చుంటే నిద్ర ఇంకా దూరమవుతుంది. నిద్ర చాలకపోతే మర్నాడు అదే గాయం ఎక్కువ నొప్పెడుతుంది.

మరి మాత్ర రాత్రే వేసుకోవాలా? ఇక్కడే చిన్న మెలిక ఉంది. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం వాళ్లు జ్ఞానదంతం తీయించుకున్నవాళ్లలో కొందరికి నొప్పీ వాపూ తగ్గించే ఐబుప్రోఫెన్ పగలే ఇచ్చి, రాత్రి మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఆ ఫలితాల ప్రకారం వాళ్లకు నొప్పేమీ ఎక్కువ కాలేదు. గాయం మానే పని రాత్రి జోరుగా సాగుతుంది కాబట్టి అప్పుడు మందు అడ్డు రాకపోవడమే మేలేమోనని వాళ్ల ఆలోచన. అయితే అది చిన్న పరీక్షే. డాక్టర్ రాసిన రాత్రి మాత్రను సొంతంగా మానేయడానికి అది చాలదు.