గల్లిపొలి సైనికుల స్మరణ: అపోహలు - వాస్తవాలు

యుద్ధాల్లో చనిపోయిన సైనికుల వివరాలు పాత రికార్డుల్లో వెతికిపెట్టడం నా పని. గల్లిపొలి టర్కీలోని ఒక ద్వీపకల్పం. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో, బ్రిటన్, దాని మిత్రదేశాల సేనలు అక్కడ దిగి ఒట్టోమన్ (అప్పటి టర్కీ సామ్రాజ్యం) సేనలతో పోరాడాయి. ఏటా ఏప్రిల్ 25, అంటే ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వాళ్లు తమ సైనికులను స్మరించుకునే ఆన్జాక్ డే, దగ్గరపడే కొద్దీ ఆ యుద్ధం గురించి అడిగేవాళ్లు పెరుగుతారు. ఆ రోజు తెల్లవారుజామున జరిగే స్మరణ సభకు (డాన్ సర్వీస్‌కి) వెళ్లే సిడ్నీ, మెల్‌బోర్న్ తెలుగువాళ్లూ అడుగుతుంటారు.

అపోహ: అక్కడ చనిపోయింది ఎక్కువగా ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వాళ్లే.

వాస్తవం: ఆస్ట్రేలియన్లు 8 వేలకు పైగా చనిపోతే, బ్రిటిష్ వాళ్లు 21 వేలకు పైగా పోయారు. సొంత నేలను కాచుకున్న ఒట్టోమన్ సైనికుల్లో మృతులు వీళ్లందరికంటే ఎక్కువ. ఆ ఒట్టోమన్ సైనికులను టర్కీ దేశం మార్చి 18న స్మరించుకుంటుంది.

అపోహ: మనవాళ్లకు ఆ యుద్ధంతో సంబంధం లేదు.

వాస్తవం: నన్ను ఎక్కువగా బాధపెట్టే అపోహ ఇదే. సుమారు 16 వేలమంది భారతీయులు అక్కడ పనిచేశారు. 1915 ఏప్రిల్ 25న, మొదటిరోజే, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ సేనలు దిగిన ఆన్జాక్ తీరంలో మన పర్వత ఫిరంగి దళం దిగింది. జూన్ 4న క్రిథియా అనే ఊరి దగ్గర 14వ సిక్కు పటాలంలో సగానికి పైగా చనిపోవడమో గాయపడటమో జరిగింది. కంచరగాడిదల బండ్లు తోలిన మనవాళ్లు రాత్రిళ్లు తూటాలు, నీళ్లు, తిండి మోసుకెళ్లారు. గుళ్లు వాళ్లమీదా పడ్డాయి. ‘సహాయక సిబ్బంది’ అని వాళ్లను పక్కన పెట్టడం అన్యాయం.

అపోహ: సమాధి రాయి ఉన్నచోటే సైనికుడు ఉంటాడు. రాయి లేకపోతే అతన్ని మరిచిపోయినట్టే.

వాస్తవం: 1916 జనవరికల్లా బ్రిటన్, దాని మిత్రదేశాల సేనలు ఆ ద్వీపకల్పం వదిలేశాయి. సమాధులు చూసే సిబ్బంది తిరిగి వెళ్లగలిగింది 1918 చివర్లో యుద్ధం ఆగాకే. అప్పటికి గుర్తుగా పాతిన చెక్క సిలువలు చాలాచోట్ల లేవు. ఎన్నో ఎముకలు ఎవరివో తేలలేదు. అందుకే కొన్ని రాళ్లమీద, ఈ శ్మశానంలోనే ఖననమయ్యారని నమ్ముతున్నట్టు రాసి ఉంటుంది. సమాధి తెలియని 20 వేలకు పైగా పేర్లు గల్లిపొలిలోని హెలెస్ స్మారకం మీద చెక్కారు. మన సైనికుల పేర్లూ అక్కడే ఉన్నాయి. హిందువులకు, సిక్కులకు దహనం ఆచారం కాబట్టి సమాధి కోసం వెతికితే దొరక్కపోవచ్చు.

అపోహ: ‘జానీలకూ (అవతలి సైనికులకూ) మెహ్మెత్‌లకూ (టర్కీ సైనికులకూ) తేడా లేదు’ అని, గల్లిపొలిలో పోరాడి తర్వాత టర్కీ తొలి అధ్యక్షుడైన అటాతుర్క్ 1934లో అన్నారు.

వాస్తవం: ఆయన అలా అన్నట్టు అప్పటి పత్రం ఏదీ దొరకలేదు. మాట మంచిదే, ఆయన పేరు పెట్టకుండా చదవండి.

మీ ఇంటి పెద్దల్లో ఎవరైనా ఆ యుద్ధానికి వెళ్లారనిపిస్తే కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో వెతకండి. పేరు ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, స్పెల్లింగ్ ఎలాగైనా ఉండొచ్చు. పటాలం, సర్వీస్ నంబరు తెలిస్తే ముందు వాటితో చూడండి. తర్వాత తండ్రి పేరు, ఊరు సరిపోతున్నాయేమో పోల్చుకోండి.