క్రిస్మస్ హిట్ పాటల ఆల్బమ్: అపోహలు - వాస్తవాలు

పాత రికార్డింగులను శుభ్రం చేసి, వరుస పేర్చి ఆల్బమ్‌గా తయారుచేసే మాస్టరింగ్ పని నాది. నవంబరు వచ్చిందంటే చర్చి యూత్ వాళ్లు, కాయిర్ నడిపేవాళ్లు ఫోన్ చేస్తారు. "పేరున్న ఇంగ్లిష్ క్రిస్మస్ పాటలు ఓ ఇరవై కలిపి ఆల్బమ్ చేద్దామన్నా, అన్నీ పాతవేగా" అంటారు. ఆ మాట వెనక నాలుగు అపోహలున్నాయి.

అపోహ: క్రిస్మస్ పాటలు పాతవి, ఎవరైనా వాడుకోవచ్చు.

వాస్తవం: పాట, అంటే మాటలు, బాణీ వేరు, దాని రికార్డింగ్ వేరు. రెంటికీ వేర్వేరు హక్కులు. మనం 'శుద్ధరాత్రి'గా పాడుకునే 'సైలెంట్ నైట్' 1818లో ఆస్ట్రియాలోని ఓబెర్న్‌డార్ఫ్‌లో మొదటిసారి పాడారు. ఆ పాటను మీ కాయిర్ పాడి రికార్డు చేసుకుంటే అడ్డు చెప్పేవాళ్లు లేరు. కానీ మొన్నీమధ్య ఒక గాయని పాడిన 'సైలెంట్ నైట్'ని తెచ్చి మీ ఆల్బమ్‌లో పెడితే ఆ రికార్డింగ్ సొంతదారు అనుమతి కావాలి.

తిరకాసు ఇంకా ఉంది. బ్రెండా లీ 'రాకిన్ అరౌండ్ ది క్రిస్మస్ ట్రీ' పాడింది 1958లో, పదమూడేళ్ల వయసులో. యూరప్‌లో ఆ రికార్డింగ్ మీద హక్కు తీరిపోయింది. అక్కడ 1963కి ముందు విడుదలైన రికార్డింగులకు అప్పటి 50 ఏళ్ల గడువే వర్తించింది. అమెరికాలో మాత్రం అదే రికార్డింగ్‌కి 2067 దాకా రక్షణ ఉంది. యూరప్‌లో కూడా పాట మీద హక్కు పోలేదు. రాసిన జానీ మార్క్స్ 1985లో చనిపోయారు, అక్కడ అప్పటి నుంచి 70 ఏళ్లు లెక్క. మన చట్టంలో రచయితకు, స్వరకర్తకు మరణం తర్వాత 60 ఏళ్లు, రికార్డింగ్‌కి విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. అందుకే ఆల్బమ్ ఏ దేశంలో అమ్ముతారన్నదే నేను మొదట అడుగుతాను.

అపోహ: కవర్ మీద పాట పేరు, గాయకుడి పేరు ఉంటే అది మనం విన్న రికార్డింగే.

వాస్తవం: కాకపోవచ్చు. బింగ్ క్రాస్బీ 'వైట్ క్రిస్మస్'ని 1942లో రికార్డు చేశారు. కాపీలు తీసీ తీసీ ఆ మాస్టర్, అంటే అసలు ప్రతి, అరిగిపోయింది. దాంతో 1947లో మళ్లీ పాడించారు. ఇవాళ ఎక్కువగా వినిపించేది ఆ రెండోదే. నాట్ కింగ్ కోల్ 'ది క్రిస్మస్ సాంగ్' 1946లో వచ్చింది, కానీ మన చెవికి అలవాటైంది 1961 స్టీరియో రికార్డింగ్.

ఈ రెండు పాటల్లో మళ్లీ పాడింది కూడా బాగానే ఉంది. చౌక ఆల్బమ్‌ల సంగతి వేరు. అసలు రికార్డింగ్‌కి లైసెన్స్ ఖరీదెక్కువని, అదే గాయకుడు చాలా ఏళ్ల తర్వాత మళ్లీ పాడినదాన్ని పెడతారు. వెనకవైపు చిన్న అక్షరాల్లో 'రీ-రికార్డెడ్' అని ఉంటుంది. పని నేర్చుకునే రోజుల్లో నేనూ రికార్డింగ్ సంవత్సరం చూసుకోకుండా అలాంటి ఫైలు వాడాను. గొంతులో ఆ పాత ఉత్సాహం లేదని విన్న పెద్దాయన ఒకరు వెంటనే పట్టేశారు. అప్పటి నుంచి ప్రతి పాటకీ రికార్డింగ్ సంవత్సరం రాసుకోనిదే పని మొదలుపెట్టను.

అపోహ: ఇవన్నీ క్రిస్మస్ కోసం రాసినవే.

వాస్తవం: 1857 నాటి 'జింగిల్ బెల్స్'లో క్రిస్మస్ అన్న మాటే లేదు. మంచు మీద బండి పరుగు పాట అది. 'లెట్ ఇట్ స్నో' కూడా అంతే, పైగా దాన్ని 1945 జూలై ఎండల్లో రాశారు.

అపోహ: పాటలు పక్కపక్కన పేరిస్తే ఆల్బమ్ అయిపోతుంది.

వాస్తవం: 1947 నాటి మోనో (ఒకే చానెల్) పాట వెనకాలే 1994 నాటి మరియా కేరీ పాట వచ్చిందనుకోండి, వినేవాళ్లు ఉలిక్కిపడి వాల్యూమ్ తగ్గిస్తారు. పాతదాని సౌండ్ పెంచితే దానితోపాటు అడుగున ఉన్న బరబర కూడా పెరుగుతుంది. ఆ బరబరను మరీ తుడిచేస్తే గాయకుడు ఊపిరి తీసుకునే చప్పుడు, వయొలిన్ల మెరుపు కూడా పోతాయి. నాకది పాటను గాయపరచడంలా అనిపిస్తుంది. కాబట్టి కొత్త పాటనే కాస్త తగ్గిస్తాను, రెంటి మధ్య ఒక మధ్యస్థమైన పాట వేస్తాను, పాతదాన్ని వీలైనంత తక్కువ ముట్టుకుంటాను.