ముందు ఆ సాన్‌పేపర్ పక్కన పెట్టండి

పాత సైనిక రైఫిళ్లను గుర్తుపట్టి వెల కట్టడం నా పని. ఇందులో నాకు పదేపదే వినిపించే మాట ఒకటుంది: "సార్, తాతగారి రైఫిల్ ఒకటి పాత పెట్టెలో దొరికింది. కాస్త రుద్ది, పాలిష్ పెట్టి ఫొటోలు పంపిస్తా. ఎంత వస్తుందో చెప్పండి." పాలిష్ అనే మాట పూర్తి కాకముందే నేను ఆగమంటాను. సగంసార్లు అప్పటికే పని అయిపోయి ఉంటుంది.

అపోహ: మెరిపిస్తే విలువ పెరుగుతుంది.

వాస్తవం: పడిపోతుంది. ఒక్కోసారి సగానికి సగం. నేను చూసిన అపోహలన్నిటిలో జనానికి ఎక్కువ నష్టం తెచ్చింది ఇదే కాబట్టి దీని గురించే ఎక్కువ చెబుతాను.

సేకరించేవాళ్లు డబ్బు పెట్టేది ముద్రలకి. రైఫిల్ కర్ర మీద తనిఖీ అధికారి కొట్టిన చిన్న ముద్ర, మరమ్మతు చేసిన ఆయుధాగారం గుర్తు, బట్ (భుజానికి ఆనే వెనక భాగం) మీద పాత సీరియల్ నంబర్... ఆ రైఫిల్ ఎక్కడ పుట్టి ఎవరి చేతులు మారిందో చెప్పేవి అవే. సాన్‌పేపర్‌కి మొదట బలయ్యేవీ అవే. పైగా రుద్దిన సంగతి దొరక్కుండా ఉండదు. ఫ్యాక్టరీలో బిగించినప్పుడు బట్ చివర ఉండే ఇనప పలక, అంటే బట్ ప్లేట్, అంచు దగ్గర కర్ర ఇనుము కన్నా వెంట్రుకవాసి ఎత్తుగా ఉంటుంది. రుద్దిన కర్ర ఇనుము కన్నా కిందికి దిగిపోతుంది. కళ్లు మూసుకుని వేలు పోనిచ్చినా తెలిసిపోతుంది. ఇనుము సంగతీ అంతే. బఫింగ్ చక్రం పెడితే అక్షరాల అంచులు గుండ్రబడతాయి, స్క్రూ రంధ్రాల చుట్టూ పళ్లెంలా గుంట పడుతుంది. దాని మీద ఎంత మంచి బ్లూయింగ్, అంటే నల్లనీలం పూత, వేయించినా ఆ గుంట పూడదు.

ఒక కుర్రాడు కే98కే అనే జర్మన్ సైనిక రైఫిల్ తెచ్చాడు. రిసీవర్ (తూటాను లోపలికి తోసే బోల్ట్ ఇమిడే ఇనప భాగం) మీద బివైఎఫ్ అనే కోడ్, కింద 42. అంటే ఓబర్న్‌డార్ఫ్‌లోని మౌజర్ ఫ్యాక్టరీలో 1942లో తయారైంది. బోల్ట్ దగ్గర్నుంచి బట్ ప్లేట్ దాకా నంబర్లన్నీ కలిశాయి. అలాంటిది చేతికి రావడమే అరుదు. కానీ కర్ర కొత్త డైనింగ్ టేబుల్‌లా తళతళలాడుతోంది. జర్మన్ సైన్యపు ఆయుధ తనిఖీ శాఖ వాఫెన్‌ఆమ్ట్ గద్ద ముద్రలు ఉండాల్సిన చోట నున్నటి వార్నిష్. "రెండు వారాలు కష్టపడ్డానండీ" అన్నాడు సంతోషంగా. ఆ మొహం చూస్తూ నిజం చెప్పడం ఎంత కష్టమో నాకే తెలుసు. తాత మీద ప్రేమతో చేసిన పని అది, తిట్టడానికి నోరు రాదు.

నన్ను నేను మాత్రం తిట్టుకోగలను. నా మొట్టమొదటి రైఫిల్ ఆస్ట్రేలియాలోని లిత్‌గోలో చేసిన ఎస్‌ఎంఎల్‌ఈ, అంటే బ్రిటిష్ సైన్యం వాడిన లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్. కుర్రతనంలో దాని ముందు కర్రని శ్రద్ధగా అరగదీశాను. 'స్లాజ్' అన్న అక్షరాలు, పక్కన ఏవో అంకెలు అడ్డొస్తే అవీ పోయేదాకా రుద్దాను. టెన్నిస్ రాకెట్లు చేసే స్లాజెంజర్ కంపెనీ యుద్ధకాలంలో ఈ రైఫిళ్లకు కర్రలు కూడా చేసిందనీ, అది వాళ్ల ముద్ర అనీ చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఇప్పటికీ ఆ రైఫిల్ నా దగ్గరే ఉంది. దాన్ని ఎవరు మాత్రం కొంటారు?

అలాగని అసలు శుభ్రమే చేయొద్దని కాదు. నిల్వలో ఉంచేటప్పుడు పూసిన కాస్మోలిన్ గ్రీజు గడ్డకట్టి ఉంటే, పెయింట్ పలుచన చేసే మినరల్ స్పిరిట్స్‌తో తుడవండి, అది తియ్యాల్సిందే. ఎర్రగా పొడి రాలే తుప్పుకి నూనె పట్టించి మెత్తటి గుడ్డతో తుడవండి. నల్లగానో, ముదురు గోధుమ రంగులోనో స్థిరపడిపోయిన పొర జోలికి మాత్రం పోవద్దు. గురిచూసే దుర్బీను, అంటే స్కోపు, కోసం రిసీవర్‌కి కొత్త రంధ్రాలు వేయించడం, వేటకి తేలిగ్గా ఉంటుందని ముందు కర్ర కోసేయడం గురించి చెప్పనక్కర్లేదు. వార్నిష్ అయినా జాగ్రత్తగా తియ్యవచ్చేమో గానీ, కోసేసిన కర్ర మళ్లీ మొలవదు.

ఇక మిగతావి గబగబా.

"దీని మీద 98 అని ఉంది, అంటే 1898 నాటిది." కాదు. మౌజర్ రిసీవర్ పక్కన 'మోడ్. 98' అని ఉంటే అది మోడల్ పేరు. తయారీ సంవత్సరం రిసీవర్ పైన చూడాలి. రష్యన్ రైఫిల్ మోసిన్-నాగాంత్ 1891 మోడల్ కూడా అంతే. అసలు మోసిన్‌లో తేదీల గోల ఇంకా ఉంది. ఫిన్లాండ్ వాళ్లు తమ ఎం39 రైఫిళ్లని పాత రష్యన్ రిసీవర్ల మీద కట్టారు. విప్పి కింద చూస్తే 1890ల తేదీ, బ్యారెల్ మీద 1940ల తేదీ ఉండొచ్చు. రెండూ నిజమే.

"నంబర్లన్నీ కలిశాయి కాబట్టి ఒరిజినల్." కొన్నిట్లో నిజం, కొన్నిట్లో కాదు. యుద్ధం తర్వాత సోవియట్ ఆయుధాగారాలు రైఫిళ్లని గుట్టలుగా విప్పి, బాగుచేసి, దొరికిన భాగాలతో మళ్లీ బిగించాయి. బోల్ట్ మీద పాత నంబర్ కొట్టేసి కొత్తది వేయడం, లోహం మీద గీసే ఎలక్ట్రిక్ పెన్సిల్‌తో నంబర్ గీయడం మామూలే. నంబర్ కలిసిందా అని కాక, ఆ అంకెల తీరు కలిసిందా అని చూడండి.

"విక్టోరియా రాణి ముద్ర ఉన్న ఎస్‌ఎంఎల్‌ఈ దొరికింది!" ఆవిడ పోయింది 1901 జనవరిలో. ఎస్‌ఎంఎల్‌ఈ వచ్చింది ఆ తర్వాత. కాబట్టి మీ చేతిలో ఉన్నది ఖైబర్ కనుమ ప్రాంతంలో చేత్తో చేసిన నకలు అయివుండొచ్చు. ఇంగ్లిష్ 'ఎన్' అక్షరం తిరగబడి ఉంటే ఇక అనుమానమే అక్కర్లేదు. గోడకి వేలాడదీసుకోండి, ముచ్చటగా ఉంటుంది. పేల్చకండి.

జపాన్ అరిసాకా రైఫిల్ మీద పువ్వు గుర్తు గీకేసి ఉందని బాధపడేవాళ్లు చాలామంది. అది పదహారు రేకుల చామంతి, చక్రవర్తి గుర్తు. 1945లో లొంగిపోయినప్పుడు ఆయుధాలు అప్పగించే ముందు చాలావాటి మీద దాన్ని గీకేశారు. అంటే అదీ ఆ రైఫిల్ కథలో భాగమే. పువ్వు చెక్కుచెదరకుండా ఉన్నవాటికి ధర ఎక్కువ. అందుకే కొత్తగా పువ్వు చెక్కి అమ్మేవాళ్లూ ఉన్నారు, జాగ్రత్త.

"స్కోపు ఉంది కాబట్టి స్నైపర్ రైఫిల్." దీంతో మోసపోయినవాళ్లని చూసి చూసి విసుగొచ్చింది. బ్రిటిష్ స్నైపర్ రైఫిల్ నెంబర్ 4 (టి) నే తీసుకోండి. రిసీవర్ ఎడమ పక్కన 'టి', హాలండ్ అండ్ హాలండ్ కంపెనీ స్నైపర్‌గా మార్చినదైతే బట్ కింద 'ఎస్51', కర్ర మీద స్కోపు నంబర్, స్కోపు బ్రాకెట్ మీద రైఫిల్ నంబర్ వెతకాలి. ఇవేవీ లేకుండా కథ ఒక్కటే ఉంటే, కథకి ఇవ్వాల్సిన ధరే ఇవ్వండి.

పాతది గనుక ఖరీదైనదే అనేవాళ్లకి ఒకే మాట: ఇవి లక్షల్లో, కొన్నయితే కోట్లలో తయారయ్యాయి. పైగా ప్రకటనలో ఎవరో పెట్టిన ధర వాళ్ల ఆశ మాత్రమే. వేలంలో నిజంగా అమ్ముడైన ధర చూడండి.

"పనిచేస్తోందో లేదో ఒక్కసారి పేల్చి చూశాం." ఇది వింటే మాత్రం నాకు నిజంగా కోపం వస్తుంది. అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారం చేసిన 1903 మోడల్ రైఫిళ్లలో 8,00,000 కన్నా తక్కువ నంబర్ ఉన్నవీ, రాక్ ఐలండ్‌లో చేసినవాటిలో 2,85,507 కన్నా తక్కువ నంబర్ ఉన్నవీ తయారీలో వేడి ఎక్కువై ఉక్కు పెళుసుబారిన రకం కావచ్చు. బ్యారెల్ అద్దంలా మెరుస్తున్నా రిసీవర్ పగిలిపోవచ్చు. వేరే ఏ రైఫిల్ అయినా, ముఖ్యంగా బోల్ట్ మారినదైతే, హెడ్‌స్పేస్, అంటే మూసిన బోల్ట్‌కీ తూటా ఆనే చోటుకీ మధ్య దూరం, కొలిపించకుండా తూటా పెట్టొద్దు.

ఇంట్లో పెద్దాయన పోయాక ఇలాంటిది బయటపడి, అందులో తూటా ఉందో లేదో తెలియక, పోలీసులు ఏమంటారో అని టెన్షన్‌తో ఫోన్ చేసేవాళ్లూ ఉంటారు. భయపడకండి. మీరేమీ తప్పు చేయలేదు. బోల్ట్ కదపకుండా, పిల్లల్ని దూరంగా ఉంచి, లైసెన్స్ విషయం ముందు అడిగి తెలుసుకోండి. తెలిసినవాళ్ల చేత ఖాళీ చేయించాక వెల సంగతి చూద్దాం. వెల కట్టడం పదేళ్లు ఆగినా పోయేదేం లేదు.

నాకు కావాల్సినవి పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా తీసిన ఫొటోలు: రిసీవర్ పైభాగం, ఎడమ పక్క, బోల్ట్ పిడి మీద నంబర్, బట్ రెండు వైపులా, అడుగునా. దుమ్ము ఉంటే దుమ్ముతోనే పంపండి.