టక్కుమంటే క్రాసేనా? ఫోర్ బై ఫోర్ బళ్ళ డ్రైవ్‌లైన్: అపోహలు, వాస్తవాలు

డ్రైవ్‌లైన్ అంటే ఇంజన్ పవర్‌ను చక్రాలదాకా చేర్చే భాగాలు. ఇక్కడ చెప్పేదంతా పార్ట్ టైమ్ ఫోర్ బై ఫోర్ బళ్ళ గురించి. అంటే మామూలుగా వెనక చక్రాలతో నడుస్తూ, అవసరమైనప్పుడు ముందు చక్రాలకూ పవర్ ఇచ్చేవి: మహీంద్రా థార్, బొలేరో క్యాంపర్ ఫోర్ బై ఫోర్, మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్ లాంటివి. షెడ్డుకొచ్చే ఇలాంటి బళ్ళలో చాలావాటికి అప్పటికే ఎవరో ఒకరు ఏదో ఒక పార్టు మార్చేసి ఉంటారు. జబ్బు మాత్రం అలాగే ఉంటుంది. శబ్దం వినగానే స్పానర్ పట్టుకుంటే అంతే మరి. ఆ శబ్దం దేన్నిబట్టి మారుతోందో ముందు చూడాలి: ఇంజన్ వేగాన్నిబట్టా, బండి వేగాన్నిబట్టా, యాక్సిలరేటర్ తొక్కడాన్నిబట్టా, స్టీరింగ్ తిప్పడాన్నిబట్టా?

అపోహ: గేరు వేసి కదలగానే కింద టక్కుమంటే క్రాస్ పోయినట్టే.

క్రాస్ అంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ వైపు నుంచి యాక్సిల్‌కు పవర్ తీసుకెళ్ళే గొట్టం) చివర్ల ఉండే ప్లస్ ఆకారపు జాయింట్. అది పోయి ఉండొచ్చు. కానీ స్లిప్ జాయింట్ (షాఫ్ట్ పొడవు సర్దుకునే చోటు) స్ప్లైన్లు, అంటే దాని గాడి పళ్ళు, గ్రీజు లేక ఎండిపోయినా, కమాను పట్టీల యూ-బోల్టులు వదులైనా, గేర్‌బాక్స్ మౌంటింగ్ రబ్బరు చిరిగినా, పినియన్ (యాక్సిల్‌లో షాఫ్ట్ తిప్పే చిన్న గేరు) బేరింగ్ లూజైనా అదే టక్కు వస్తుంది.

చూసే పద్ధతి ఇది. బండిని చదునైన చోట ఆపి, చక్రాలకు చెక్క దిమ్మలు అడ్డం పెట్టి, న్యూట్రల్ చేసి కిందకు దూరండి. ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ తిప్పుతూ ఒక్కో క్రాస్ దగ్గరే చూపు నిలపండి. క్రాస్‌కు ఇవతలి యోక్ (క్రాస్‌ను పట్టుకునే కొమ్ముల భాగం) కదిలినప్పుడు అవతలి యోక్ ఆలస్యంగా కదిలితే క్రాస్ పోయింది. రెండూ కలిసే కదిలి, పినియన్ ఫ్లాంజ్ (షాఫ్ట్‌ను బోల్టులతో బిగించే బిళ్ళ) కొంచెం తిరిగి ఆగితే అది గేర్ల మధ్య మామూలుగా ఉండే ఖాళీ, కంగారు అక్కర్లేదు. ఫ్లాంజ్‌ను పైకీ కిందికీ, లోపలికీ బయటికీ ఊపినప్పుడు కదిలితే మాత్రం పినియన్ బేరింగ్ సంగతి చూడాల్సిందే. చివర్లో యూ-బోల్టు నట్లకు టార్క్ రెంచ్ పెట్టండి. కొత్తగా పట్టీలు వేసిన బండికి 500 కిలోమీటర్ల తర్వాత మళ్ళీ బిగించడం చాలామంది మరిచిపోతారు.

క్రాస్‌కు గ్రీజు కొట్టేటప్పుడు నాలుగు క్యాపుల నుంచీ కొత్త గ్రీజు బయటకు రావాలి. మూడిట్లో వచ్చి ఒకదాంట్లో రాకపోతే షాఫ్ట్‌ను తిప్పి, కొంచెం ఊపి మళ్ళీ కొట్టండి. అప్పటికీ రాకపోతే, లేదా క్యాపు అంచున ఎర్రటి తుప్పు పొడి కనిపిస్తే, ఆ క్రాస్ పని అయిపోయింది.

కొత్తది వేసేటప్పుడు సుత్తితో కాకుండా వైస్‌తో నొక్కి దించాలి. సుత్తి దెబ్బకు క్యాపులోని సూది బేరింగుల్లో ఒకటి జారి అడుగున అడ్డంగా పడుతుంది. పైకి ఏమీ కనిపించదు, కానీ క్యాపు ఒక మిల్లీమీటరు పైకే ఆగిపోయి సర్‌క్లిప్ (క్యాపును పట్టి ఉంచే రింగు) గాడిలో కూర్చోదు. అప్పుడు సర్‌క్లిప్‌ను గ్రైండర్ మీద పలచన చేసి ఎక్కించే ఘనులున్నారు! సర్‌క్లిప్ పట్టలేదంటే క్యాపు బయటకు తీసి సూదులు సరిచేయాలి, అంతే.

అపోహ: బండి వణికితే షాఫ్ట్ బ్యాలెన్సింగ్ చేయించాలి.

ముందు చక్రాల లోపలివైపు చూడండి. నల్లరేగడిలో తిరిగిన బండికి రిమ్ములో గట్టిపడిన బురద ఒక పక్కన పేరుకుంటే, రోడ్డెక్కాక ఎంత మంచి షాఫ్టున్నా బండి ఊగుతుంది. గీకి, నీళ్ళతో కడిగి, ఆ తర్వాతే మిగతా మాట.

వణుకు ఎక్కడిదో లెక్కతో కూడా తేల్చొచ్చు. 760 మి.మీ. వ్యాసమున్న టైరు గంటకు 60 కిలోమీటర్ల వేగంలో సెకనుకు సుమారు 7 చుట్లు తిరుగుతుంది. క్రౌన్-పినియన్ (యాక్సిల్‌లోని పెద్ద, చిన్న గేర్ల జత) రేషియో 4, అంటే షాఫ్ట్ నాలుగు చుట్లకు చక్రం ఒక చుట్టు అనుకుంటే షాఫ్ట్ సెకనుకు 28 చుట్లు తిరుగుతుంది. కాబట్టి సీటు, స్టీరింగ్ నెమ్మదిగా ఊగుతున్నట్టుంటే చక్రాలు. కాళ్ళ కింద ఫ్లోరు జుమ్మని సన్నగా అదురుతుంటే షాఫ్ట్. ఖాళీ రోడ్డు మీద అదే వేగంలో న్యూట్రల్ చేసి వదలండి. అదురు అలాగే ఉంటే తప్పు గేర్‌బాక్స్ తర్వాతి భాగాల్లో ఉంది. ఇంజన్ ఆర్పీఎమ్‌తో పాటే తగ్గిపోతే ఇంజన్, క్లచ్ వైపు వెతకాలి.

షాఫ్ట్ ఊడదీసి మళ్ళీ పెట్టాకే వణుకు మొదలైందా? స్లిప్ జాయింట్‌ను ఒక పన్ను అటో ఇటో ఎక్కించి ఉంటారు. ఒక షాఫ్ట్ రెండు చివర్ల యోక్‌లు ఒకే వరసలో లేకపోతే ఒక్కో చుట్టుకు రెండేసి కుదుపులొస్తాయి. అందుకే ఊడదీసే ముందే పెయింటుతోనో, సెంటర్ పంచ్‌తోనో గుర్తులు పెట్టుకోవాలి. రెండు ముక్కల షాఫ్టున్న పొడవాటి పికప్‌లలో కదిలే క్షణంలో మాత్రమే గడగడమని శబ్దం వచ్చి తగ్గిపోతే సెంటర్ బేరింగ్ రబ్బరు చూడండి. లోడు కోసం పట్టీలు చేర్చిన బండి అయితే పినియన్ కోణం మారిందేమో కూడా.

అపోహ: వానలో తారు రోడ్డు మీద 4హెచ్ వేస్తే గ్రిప్పు పెరుగుతుంది, నష్టమేం లేదు.

2హెచ్ అంటే వెనక చక్రాలకే పవర్, 4హెచ్ అంటే నాలుగింటికీ మామూలు వేగంలో, 4ఎల్ అంటే నాలుగింటికీ తక్కువ వేగంలో, ఎక్కువ లాగుడుతో. వాటిని మార్చే గేర్ల పెట్టె ట్రాన్స్‌ఫర్ కేస్. ఈ అపోహ తిన్నన్ని ట్రాన్స్‌ఫర్ కేసులు బురద కూడా తినలేదు. ఈ బళ్ళలో ముందు, వెనక షాఫ్టుల మధ్య డిఫరెన్షియల్ (వేగాల తేడాను సర్దే గేర్లు) ఉండదు. 4హెచ్ వేస్తే రెండూ ఒకే వేగంతో తిరిగి తీరాలి. మలుపులో ముందు చక్రాలు వెనకవాటికన్నా ఎక్కువ దూరం పోవాలి కదా? ఆ తేడా మట్టిలోనైతే టైరు జారి తీరిపోతుంది. తారు మీద జారే వీలు లేక షాఫ్టులు, చైను, గేర్లు మెలిపడి బిగుసుకుంటాయి. స్టీరింగ్ బరువెక్కడం, మలుపులో టైర్లు కీచుమనడం, లివర్ 2హెచ్‌లోకి రాకపోవడం, డయల్ ఉన్న బండైతే లైటు మినుకుతూనే ఉండటం దానికి గుర్తులు. లివర్‌ను బలంగా లాగొద్దు. స్టీరింగ్ తిన్నగా పెట్టి 5–10 మీటర్లు రివర్స్‌లో వెళ్ళండి, బిగువు వదిలి దానంతట అదే వస్తుంది.

తిన్నగా వెళ్ళినా టైర్లు సమానంగా లేకపోతే ఇదే గొడవ. ముందు రెండు కొత్తవి, వెనక రెండు 5 మి.మీ. అరిగినవి అనుకోండి. వ్యాసాలు 760, 750. కిలోమీటరుకు కొత్త టైరు దాదాపు 419 చుట్లు, అరిగింది 424 చుట్లు తిరుగుతుంది. షాఫ్ట్ దగ్గరకొచ్చేసరికి ఆ తేడా కిలోమీటరుకు సుమారు 22 చుట్లు. అందుకే నాలుగు టైర్లూ ఒకే బ్రాండు, ఒకే సైజు, దాదాపు ఒకే అరుగుదల ఉండాలి. గాలి సరిచేసి, దర్జీ టేపుతో చుట్టుకొలత కొలిస్తే చాలు. స్టెప్నీని కూడా రొటేషన్‌లో కలపండి.

2హెచ్ నుంచి 4హెచ్‌కి కదులుతూనే మారగల బళ్ళలో కూడా చక్రాలు అక్కడికక్కడే తిరుగుతున్నప్పుడు మార్చకూడదు. ఫోర్కు, పళ్ళు దెబ్బతినేది అప్పుడే. 4ఎల్‌కి మాత్రం బండి ఆగి, న్యూట్రల్‌లో ఉండాలి.

అపోహ: ఎదురు మూలల రెండు చక్రాలే తిరుగుతున్నాయి, ఫోర్ బై ఫోర్ పనిచేయట్లేదు.

పనిచేస్తోంది. ముందో చక్రం, వెనకో చక్రం తిరుగుతున్నాయంటేనే రెండు యాక్సిళ్ళకూ పవర్ వెళ్తున్నట్టు. ఓపెన్ డిఫరెన్షియల్ తేలికగా తిరిగే చక్రాన్నే తిప్పుతుంది, దాని స్వభావమే అంత. థార్ కొన్ని వేరియంట్ల వెనక యాక్సిల్‌లో మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్ ఉంటుంది. రెండు చక్రాల వేగాల్లో తేడా నిమిషానికి సుమారు 100 చుట్లు దాటితే తనంతట తానే లాకవుతుంది. కాబట్టి చక్రం జారగానే యాక్సిలరేటర్ వదిలేస్తే అది పట్టదు, నిలకడగా తొక్కి ఉంచాలి. పట్టేటప్పుడు వచ్చే టక్కు దాని మామూలు శబ్దమే. దానికి హౌసింగ్ (యాక్సిల్ గేర్లుండే పెట్టె) ఊడదీయించుకోకండి.

అపోహ: డ్యాష్ మీద 4హెచ్ లైటు వెలిగింది, ముందు చక్రాలు లాగుతున్నట్టే.

చాలా బళ్ళలో ఆ లైటు ట్రాన్స్‌ఫర్ కేస్ స్విచ్ చెప్పే మాట మాత్రమే. ముందు యాక్సిల్‌ను కలిపే యాక్చువేటర్, లేదా హబ్ లాకులు పట్టకపోతే ముందు షాఫ్ట్ ఉత్తుత్తినే తిరుగుతుంది. మట్టి నేల మీద 4హెచ్ వేసి కొంచెం కదిలించి, ఇంజన్ ఆపండి. వెనక చక్రాలకు దిమ్మలు పెట్టి, ముందు రెండు చక్రాలనూ స్టాండ్ల మీదకు లేపండి (జాకీ మీద నమ్మకం పెట్టుకుని కిందకు వెళ్ళొద్దు). ఒకరు ఎడమ చక్రాన్ని గట్టిగా పట్టుకుంటే, కుడి చక్రం కొంచెం ఆడి ఆగిపోవాలి. తర్వాత చేతులు మార్చి రెండోవైపు. స్వేచ్ఛగా తిరిగిందంటే ముందు యాక్సిల్ కలవలేదు. వాక్యూమ్ రకానికి ఇంజన్ ఆపితే ఫలితం మారొచ్చు, అందుకని యాక్చువేటర్‌కు చేతి వాక్యూమ్ పంపు పెట్టి గేజ్ మీద 15–20 అంగుళాల (పాదరసం) వాక్యూమ్ లాగండి. ఒక నిమిషం నిలవాలి. పడిపోతే డయాఫ్రమ్ చిరిగింది. నిలిస్తే గొట్టాలు చూడండి, ఎక్కువసార్లు ఎండకు పగిలిన రెండు రూపాయల గొట్టమే దొంగ.

అపోహ: లీకేజీ లేదు కాబట్టి హౌసింగ్ ఆయిల్ బాగానే ఉంటుంది.

వాగు దాటిన బండికి ఈ మాట వర్తించదు. వేడెక్కిన హౌసింగ్ చన్నీళ్ళలో మునిగితే లోపలి గాలి కుంచించుకుని నీటిని పీల్చుకుంటుంది. ఆయిల్ సీలు లోపలి ఆయిల్‌ను ఆపడానికి చేసింది, బయటి నీటిని ఆపడానికి కాదు. యాక్సిల్ మునిగేంత నీళ్ళు దాటితే, రాత్రంతా బండి నిలిపి, పొద్దున కదపకముందే డ్రెయిన్ ప్లగ్‌ను కొద్దిగా వదులు చేయండి. నీళ్ళు అడుగున చేరి ముందు అవే కారతాయి. ఆయిల్ పాలు కలిసిన టీలా ఉంటే మొత్తం తీసి, కొత్తది పోసి, కొద్ది దూరం తిప్పి మళ్ళీ మార్చాలి.

మార్చేటప్పుడు ముందు పై ఫిల్లర్ ప్లగ్ ఊడుతుందో లేదో చూసుకోండి. కిందిది తీసి ఆయిలంతా వదిలేశాక పైది తుప్పుతో పట్టేసిందని తెలిస్తే బండి అక్కడే ఉంటుంది. ఆయిల్ ఫిల్లర్ రంధ్రం కింది అంచు వరకే. ప్లగ్ అయస్కాంతానికి బూడిద రంగు మెత్తటి ముద్ద అంటుకుంటే మామూలు అరుగుదల. గోటికి తగిలే పెచ్చులు, సూదులుంటే హౌసింగ్ విప్పాల్సిందే.

గేర్ ఆయిల్ గ్రేడు (జీఎల్-4, జీఎల్-5 లాంటివి) విషయంలో మాన్యువల్ మాటే మాట. క్రౌన్ పినియన్‌కు జీఎల్-5 కావాలి. జీఎల్-4 అడిగే పాత గేర్‌బాక్సుల్లో అదే జీఎల్-5 పోస్తే అందులోని గంధకపు ఎడిటివ్‌లు ఇత్తడి సింక్రో రింగులను తినొచ్చు. హోరు తగ్గుతుందని చిక్కటి 140 ఆయిల్ పోయడం బండి అమ్మేవాళ్ళ విద్య.

అపోహ: సీలు మార్చినా కారుతోందంటే డూప్లికేట్ సీలు.

బ్రీదర్ (హౌసింగ్ లోపలి గాలి వచ్చిపోయే చిన్న రంధ్రం) చూశారా? అది బురదతో మూసుకుపోతే వేడికి లోపల ఒత్తిడి పెరిగి ఎంత మంచి సీలు నుంచైనా ఆయిల్ తోస్తుంది. కడిగి, వీలైతే గొట్టం వేసి ఇంజన్ బే ఎత్తుకు తీసుకెళ్ళండి. వాగు బెడదకు కూడా మందు అదే. రెండోది ఫ్లాంజ్ మీద సీలు పెదవి అరగదీసిన గాడి. గోటితో గీస్తే తగులుతుంది. స్లీవ్ వేయాలి, లేదా ఫ్లాంజ్ మార్చాలి. కోతలైన పొలాల్లో తిరిగే బండికి మూడోది కూడా ఉంది: వరిగడ్డి, నైలాన్ తాడు పినియన్ ఫ్లాంజ్‌కు చుట్టుకుని, వేడికి కరిగి సీలును కోసేస్తాయి. కొత్త సీలు పెదవికి ఆయిల్ రాసి ఎక్కించండి.

అపోహ: సీవీ జాయింట్ కటకటమంటే గ్రీజు నింపి కొత్త బూటు వేస్తే చాలు.

సీవీ జాయింట్ అంటే స్టీరింగ్ తిప్పినా చక్రానికి పవర్ అందించే జాయింట్, బూటు దాని రబ్బరు తొడుగు. శబ్దం రాకముందైతే చాలు. బూటు చిరిగిన వెంటనే విప్పి, కిరోసిన్‌తో కడిగి, ఆరబెట్టి, కిట్‌లో వచ్చే మాలిబ్డినం గ్రీజు మొత్తం నింపి, కొత్త క్లిప్పులతో బిగించాలి. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు (ఫుల్ లాక్‌లో) కటకట మొదలైందంటే గాడుల్లో గుంటలు పడ్డాయి, గ్రీజు వాటిని పూడ్చదు. తిన్నగా పోతూ తొక్కినప్పుడు అదిరితే లోపలివైపు జాయింట్.

క్లచ్ గురించి క్లుప్తంగా. పెడల్ తొక్కితే వచ్చే శబ్దం రిలీజ్ బేరింగ్‌ది. వదిలితే వచ్చి, తొక్కితే పోయేది గేర్‌బాక్స్ ఇన్‌పుట్ బేరింగ్‌ది. ఇసుకలో 4ఎల్ వాడకుండా హాఫ్ క్లచ్‌తో లాగితే ఎంత ఖరీదైన ప్లేటైనా కాలుతుంది.

అపోహ: హోరు వస్తే పినియన్ నట్టు ఇంకో చుట్టు బిగిస్తే తగ్గుతుంది.

ముందు ఆ హోరు క్రౌన్‌దేనా? సిమెంటు రోడ్డు నుంచి తారు రోడ్డు ఎక్కగానే మారితే టైర్లది. కుడికి తిప్పినప్పుడు పెరిగితే ఎడమ వీల్ బేరింగ్‌ది. తొక్కినప్పుడు ఒకలా, వదిలినప్పుడు ఇంకోలా ఉంటేనే క్రౌన్ పినియన్ వైపు చూడాలి.

చాలా బళ్ళలో పినియన్ బేరింగుల మధ్య, నట్టు బిగింపుకు నలిగే స్లీవ్ ఉంటుంది. దాన్ని నలిపే కొద్దీ బేరింగ్ బిగువు పెరుగుతుంది. చుట్టు అదనంగా బిగిస్తే బేరింగ్ వేడెక్కి మాడుతుంది. మళ్ళీ వదులు చేస్తే నలిగిన స్లీవ్ వెనక్కి రాదు. విప్పిన ప్రతిసారీ కొత్త స్లీవ్, కొత్త నట్టు వేసి, కొంచెం కొంచెంగా బిగిస్తూ పినియన్ తిరగడానికి పట్టే టార్కును కొలవాలి. పాత బేరింగ్‌కు కొత్త బేరింగ్ అంకె పెట్టకూడదు, దాదాపు సగం చాలు. క్రౌన్, పినియన్ ఒక జత, ఒక్కటే మార్చకూడదు. పళ్ళ మధ్య ఖాళీని డయల్ గేజ్‌తో క్రౌన్ చుట్టూ నాలుగు చోట్ల చూడాలి. ఇలాంటి బళ్ళలో సాధారణంగా 0.13–0.20 మి.మీ. ఉంటుంది, తుది అంకె ఆ మోడల్ మాన్యువల్‌దే. రంగు పూసి తిప్పితే పళ్ళ మీద అచ్చు మధ్యలో పడాలి.

కొత్త సెట్ వేశాక మొదటి ప్రయాణం 15–20 నిమిషాలు, లోడు లేకుండా. తర్వాత పూర్తిగా చల్లారనివ్వాలి. 800 కిలోమీటర్ల వరకు ట్రాలీ లాగడం, బరువులు వద్దు. అప్పుడు ఆయిల్ తీసేసి కొత్తది పోయాలి, తీసిన ఆయిల్ ఎంత శుభ్రంగా కనిపించినా సరే.