గరగర ఏది, సంగీతం ఏది?

పాత సినిమా రీలు ముక్క ఒకటి చేతికి దొరికితే వెలుతురుకు ఎత్తి చూడండి. బొమ్మల వరసకూ అంచున ఉండే చిల్లులకూ మధ్య సన్నటి తెల్లని చార వణుకుతూ పోతుంటుంది. వెడల్పు రెండున్నర మిల్లీమీటర్లకు మించదు. సినిమాలోని మాటలు, సంగీతం, రాకెట్టు హోరు అన్నీ అందులోనే ఉంటాయి. ప్రొజెక్టర్‌లోని చిన్న బల్బు వెలుగు ఒక సన్నని చీలిక గుండా ఆ చార మీద పడుతుంది. చార వెడల్పయిన చోట ఎక్కువ వెలుగు దాటుతుంది, సన్నబడిన చోట తక్కువ. అవతలి వైపున్న ఫోటోసెల్ ఆ హెచ్చుతగ్గులను కరెంటుగా మార్చి స్పీకరుకు పంపుతుంది.

35 ఎం.ఎం. ఫిల్ము సెకనుకు 24 ఫ్రేముల చొప్పున, అంటే దాదాపు 457 మిల్లీమీటర్ల వేగంతో నడుస్తుంది. మనం ‘స’ అన్నప్పుడు వచ్చే సుయ్‌మనే చప్పుడులో సెకనుకు 5,000 కంపనాల దాకా ఉంటాయి. అలాంటి ఒక్క కంపనానికి ఫిల్ము మీద దక్కే చోటు 0.09 మిల్లీమీటరు. దుమ్ము రేణువు సైజూ ఇంచుమించు అంతే. దుమ్మునూ ‘స’నూ ఫోటోసెల్ వేరు చేయలేదు. ఆ పని మనిషే చేయాలి. పాత సినిమా శబ్దాన్ని బాగుచేయడంలో అసలు కష్టం ఇదే. అందులోనూ తక్కువ ఖర్చుతో తీసిన సైన్స్ ఫిక్షన్ సినిమా అయితే ఆ కష్టం రెట్టింపు.

ఎందుకంటే పెద్ద స్టూడియోలు మాటలు, సంగీతం, ఇతర చప్పుళ్లు వేర్వేరు ట్రాకులుగా దాచుకున్న సందర్భాలు ఉన్నాయి. చిన్న నిర్మాతకు ఆ స్థోమత ఉండదు. చాలాసార్లు మిగిలేది థియేటర్లలో తిరిగి తిరిగి అరిగిపోయిన ప్రింటో, టీవీ కోసం తీసిన 16 ఎం.ఎం. కాపీయో. అందులో అన్నీ కలిసిపోయి ఒకే చారగా ఉంటాయి. దానికితోడు ఎసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఫిల్ము పాడవుతూ వెనిగర్ వాసన కొడుతుంది, కుంచించుకుపోతుంది. చిల్లులు ప్రొజెక్టర్ పళ్లకు కుదరవు. అందుకే పళ్లు లేని స్కానర్ మీద మెల్లగా నడిపి, శబ్దపు చారను ముందు ఫోటోలా తీసుకుని, తర్వాత కంప్యూటర్‌లో దాన్ని ధ్వనిగా మార్చుకునే పద్ధతి వచ్చింది.

ఇంత శ్రమ దేనికి అనిపించవచ్చు. 1953లో వచ్చిన ‘రోబోట్ మాన్‌స్టర్’లో గ్రహాంతర జీవి వేషం గొరిల్లా సూటు మీద ఒక హెల్మెట్, అంతే. దానికి సంగీతం ఇచ్చింది మాత్రం ఎల్మర్ బెర్న్‌స్టీన్. మూడేళ్ల తర్వాత ‘ది టెన్ కమాండ్‌మెంట్స్’కు సంగీతం ఇచ్చిందీ ఆయనే. సెట్టుకు డబ్బు లేనప్పుడు ప్రేక్షకుణ్ణి వేరే గ్రహానికి తీసుకెళ్లే భారమంతా సంగీతం మీదే పడుతుంది. ఆ సంగీతం పాడైతే సినిమాలో సగం పోయినట్టే.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. 1950 నాటి ‘రాకెట్‌షిప్ ఎక్స్-ఎం’ కొద్ది రోజుల్లో, కొద్ది డబ్బుతో తీసిన సినిమా. అందులో మార్స్ దృశ్యాల కోసం థెరెమిన్ అనే ఎలక్ట్రానిక్ వాద్యం వాయించారు. వాయించిన శామ్యూల్ హాఫ్‌మన్ వృత్తిరీత్యా పాదాల వైద్యుడు. థెరెమిన్‌ను చేత్తో తాకకుండానే వాయిస్తారు. లోపల మన చెవికి అందనంత వేగంగా కంపించే రెండు సర్క్యూట్లు ఉంటాయి. ఒకటి స్థిరంగా ఉంటుంది, రెండోది చెయ్యి దగ్గరికొచ్చే కొద్దీ మారుతుంది. ఒకటి సెకనుకు 1,70,000 సార్లు, రెండోది 1,69,560 సార్లు అనుకోండి. మనకు వినిపించేది ఆ తేడా, 440. చెయ్యి కాస్త వణికితే స్వరమూ వణుకుతుంది. వాయించేవాళ్లు కావాలనే సెకనుకు ఐదారు సార్లు వేళ్లు ఆడిస్తారు. మన గమకం లాంటిదన్నమాట.

కుంచించుకుపోయిన ఫిల్ములోనూ స్వరం అచ్చం అలాగే ఊగుతుంది. వేగం స్థిరంగా లేకపోతే శ్రుతి పైకీ కిందికీ జారుతుంది. దాన్ని సరిచేసే సాఫ్ట్‌వేర్ ఉంది. కాకపోతే అది ఊగే స్వరం కనిపించగానే నిటారుగా నిలబెట్టాలని చూస్తుంది. చూసుకోకుండా వదిలేస్తే హాఫ్‌మన్ వేళ్ల వణుకంతా చదునైపోయి, టెలిఫోన్ డయల్ టోన్ లాంటిది మిగులుతుంది. అందుకని మరో ఆధారం వెతుకుతారు. అమెరికాలో రికార్డు చేసిన ట్రాకులో కరెంటు సరఫరా నుంచి చొరబడిన సెకనుకు 60 కంపనాల గుయ్‌మనే మోత ఉంటే అదొక గడియారంలా పనికొస్తుంది. ఆ మోత కూడా స్వరంతోపాటే ఊగితే తప్పు ఫిల్ముది. స్వరం ఒక్కటే ఊగితే అది కళాకారుడిది. పారేయాల్సిన మోతే సంగీతానికి సాక్ష్యం చెప్పడం నాకు ఎంత నచ్చుతుందో!

ఆ మోతను తీసేయడంలోనూ తొందరపడకూడదు. అంతరిక్ష నౌక లోపలి సన్నివేశాల్లో ఇంజను నడుస్తున్నట్టు ఉండాలని కావాలనే ఒక హోరు పెడతారు. ధ్వనిని బొమ్మగా గీసి చూపే స్పెక్ట్రోగ్రామ్‌లో (అడ్డంగా కాలం, నిలువుగా కంపనాల సంఖ్య) అదీ, కరెంటు మోతా ఒకేలాంటి అడ్డగీతలు. అలాంటప్పుడు బొమ్మ చూడాలి. పాత్రలు నౌక దిగి బయటికి రాగానే గీత ఆగిపోతే అది సినిమాలోదే. భూమి మీదికి వచ్చినా, ముద్దుల సీనులోనూ వదలకుండా వెంటపడితే అది యంత్రం తప్పు. సరిగ్గా సెకనుకు 96 కంపనాల దగ్గర గీత కనిపిస్తే కారణం ఇట్టే దొరుకుతుంది. ఫ్రేముకు నాలుగు చిల్లులు, సెకనుకు 24 ఫ్రేములు. వెలుగు పక్కకు జరిగి చిల్లుల మీద పడుతోందని అర్థం. దానికి ఫిల్టర్ వాడకూడదు, స్కానర్ సర్దుకుంటే చాలు.

ఫిల్ము వెనక ఎప్పుడూ వినిపించే సుయ్‌మనే శబ్దం సంగతి కూడా చెప్పాలి. 1938 నుంచి అమెరికా థియేటర్లలో ‘అకాడమీ కర్వ్’ అనే ప్రమాణం ఉండేది. పై స్థాయి ధ్వనులను అక్కడ తగ్గించి వినిపించేవారు. మిక్సింగ్ చేసేవాళ్లు అది లెక్కలో పెట్టుకునే ట్రాకును తయారు చేసేవారు. అదే ట్రాకును నేటి హెడ్‌ఫోన్లలో ఉన్నదున్నట్టు వింటే, ఆనాటి ప్రేక్షకుడి చెవిన ఎన్నడూ పడని సుయ్‌శబ్దం మనకు హోరెత్తుతుంది. ముందు ఆ కర్వ్ వేసి వినాలి. చాలా భాగం దానంతటదే తగ్గుతుంది. అప్పటికీ మిగిలిన దాన్ని గట్టిగా తోమితే నీళ్లలో గలగలలాడుతున్నట్టు కొత్త చప్పుళ్లు పుడతాయి. ఇంజనీర్లు వాటిని ‘మ్యూజికల్ నాయిస్’ అంటారు. సంగీతం మీద అవి పడ్డాయంటే పాత గరగరే నయం.

కొన్ని చిన్న సినిమాలకు స్వరకర్తే ఉండడు. మ్యూజిక్ లైబ్రరీల నుంచి ముక్కలు కొని అతికిస్తారు. 1968 నాటి ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’లో వినిపించేది చాలావరకు అలాంటి సంగీతమే. ఇది ఒక అదృష్టం కూడా. అదే ముక్క వేరే చోట శుభ్రమైన టేపు మీద దొరకవచ్చు. దొరికితే నేరుగా మార్చేయొచ్చు కదా అనిపిస్తుంది. అంత తేలిక కాదు. సినిమాలో ఆ ముక్క మాటల కింద తగ్గుతుంది, భయం దగ్గర పెరుగుతుంది, మధ్యలో తెగుతుంది. ఆ హెచ్చుతగ్గులన్నీ మళ్లీ చేత్తో వేయాలి. వేగం కూడా పోల్చుకోవాలి. సెకనుకు 25 ఫ్రేముల టీవీ కాపీ నుంచి వచ్చిన శబ్దం 4 శాతం త్వరగా నడుస్తుంది, శ్రుతి అర స్వరస్థానం పైనే పెరుగుతుంది. నా మటుకు నాకు, చుట్టుపక్కల మాటలు మసకగా ఉండగా సంగీతం ఒక్కటే తళతళలాడితే సినిమాలోంచి బయటపడ్డట్టు ఉంటుంది. పాత ట్రాకులో పూర్తిగా చచ్చిపోయిన చోటనే కొత్త ముక్క వేయడం మేలు.

చివర్లో అతుకుల పని. ఫిల్ము తెగి అతికించిన చోట ‘టప్’మంటుంది. అప్పట్లో ఎడిటర్లు ఆ అతుకు మీద సౌండ్ చారకు అడ్డంగా నల్ల ఇంకుతో త్రికోణంలా పూసేవారు. వెలుగు ఒక్కసారిగా కాకుండా మెల్లగా తగ్గి, మెల్లగా పెరిగేది. చప్పుడు మెత్తబడేది. తెగినప్పుడు ఫ్రేములు పోతే ఇంకో ఇబ్బంది. 35 ఎం.ఎం. ఫిల్ము మీద శబ్దం తన బొమ్మకంటే దాదాపు 20 ఫ్రేములు ముందుంటుంది. అందుకని ఒక్కచోట తెగినా, పోయిన బొమ్మ ఒక క్షణానిది, పోయిన మాట దాదాపు 0.8 సెకను తర్వాతిది.

టప్పులు, టిక్కులు అన్నీ తీశాక ట్రాకును మొదటి నుంచి బొమ్మతో కలిపి వింటారు. నౌక కారిడార్‌లో కెప్టెన్ పరిగెత్తుతాడు. బొమ్మలో ఉక్కు గోడలు, అడుగుల కింద మాత్రం ప్లైవుడ్ డబడబలాడుతుంది. స్పెక్ట్రోగ్రామ్‌లో ఆ అడుగులు నిలువు చారల్లా, అచ్చం గీతలు పడిన ఫిల్ము టిక్కుల్లా కనిపిస్తాయి. వాటిని ఒక్కొక్కటిగా కెప్టెన్ కాళ్లతో సరిచూసుకుని, ఒక్కటీ చెరపకుండా ఉంచేస్తారు.